ఏడు మెత్తనివి, ఏడు గట్టివి

మీ ఇంట్లో ప్రశాంతత కావాలా? అయితే ఆలస్యం చేయకుండా ఒక న్యూట్రిషనిస్టును పెట్టుకోండి! ధ్యానం అక్కర్లేదు. ఎండ కోసం మయోర్కా దీవి దాకా పోనక్కర్లేదు. ఏం తినాలో, ఎంత తినాలో, ఎక్కడ ఆపాలో చెప్పే మనిషి ఒకరు గడపలో అడుగు పెడితే చాలు. ముందు వాదనలు ఆగిపోతాయి. తర్వాత చర్చలు ఆగిపోతాయి. కొన్నాళ్లకు మాటలే ఆగిపోతాయి!

గాలి కబుర్లు చెబుతున్నానని అనుకోకండి. నేను ఈ దక్షిణ జట్లండ్ రోడ్ల మీద జీవితమంతా జనానికి కారు నడపడం నేర్పినవాణ్ణి. బ్రేకు ఎంత గొప్ప వస్తువో నాకు తెలిసినంతగా ఈ జిల్లాలో ఇంకెవరికీ తెలియదు. అలాంటిది మనిషి నోటికే బ్రేకు వేసే మహానుభావులు పుట్టుకొస్తే, వాళ్లను నెత్తిన పెట్టుకోవాలా వద్దా?

మా ఊరికి ఆ భాగ్యం పెర్నిలె రూపంలో వచ్చింది. ఆమె ఓర్హుస్ నగరం మనిషి. నలభై నిండలేదు. చేతిలో ఎప్పుడూ నీళ్ల సీసా, మొహం మీద ఎప్పుడూ నవ్వు. ఎవరినీ కసరదు. "మీరు తప్పు తింటున్నారు" అని ఎన్నడూ అనదు. "ఈ ముక్క మీకు నిజంగా కావాలా?" అని మాత్రం అడుగుతుంది. అలా అడిగాక ఆ ముక్క గొంతులోంచి దిగుతుందేమో మీరే ప్రయత్నించి చూడండి!

ఆమెను మా ఊరికి రప్పించిన మూలపురుషుడు నా బావమరిది నిస్. వడ్రంగి. పెళ్లి చేసుకోలేదు. అరవై ఏళ్లు వచ్చేదాకా తల్లి చేతి వంట తిన్నాడు. నిరుడు చలికాలంలో ఆవిడ, అంటే మా అత్తగారు కాట్రీన, కన్ను మూసింది. ఆ తర్వాత ఈయన ఫ్రీజరులోంచి తీసిన పిజ్జాల మీద బతికాడు. వేసవి రాకముందే డాక్టరు పిలిచి, షుగరు సరిగ్గా గీత మీద నిలబడి ఉంది, ఒక్క అడుగు ముందుకేస్తే ఇక జన్మంతా మాత్రలే అని చెప్పాడు.

మా ఊళ్లో ఒకరికి తుమ్ము వస్తే గుడ్రున్ కమిటీ వేస్తుంది. గుడ్రున్ అంటే ఊరి సమావేశ మందిరానికి అధ్యక్షురాలు. ఊరందరికీ వదిన. నిస్ ఒక్కడూ మొహమాటపడి ఎవరి దగ్గరికీ వెళ్లడని ఆవిడకు తెలుసు. అందుకని ఏకంగా ఊరంతటినీ పెర్నిలె చేతిలో పెట్టింది. వెంటనే సంఘం ఏర్పడింది. సంఘానికి కోశాధికారి, ఉపాధ్యక్షుడు, సొంత పాట. మా దేశంలో ముగ్గురు మనుషులు ఒక చోట నిలబడితే నాలుగోవాడు వచ్చేలోపల సంఘం పుట్టి తీరుతుంది.

ఇక మా ఇంటి సంగతి. ఒకప్పుడు సాయంత్రం భోజనం దగ్గర ఎంత రభస జరిగేదో! పంది మాంసం మీది తోలు సరిగ్గా పొంగలేదని నేననడం, నీ మొహం పొంగిందిలే అని నా భార్య బోదిల్ అనడం, బంగాళాదుంపల మీద గ్రేవీ ఎవరు ఎక్కువ పోసుకున్నారని పంచాయితీ. ఇప్పుడు? పళ్లెంలో సగం కూరగాయలు. పావు వంతు చేపో, చిక్కుడు గింజలో. మిగతా పావులో పిడికెడు బార్లీ. ముందు ఫోటో తీయాలి. పెర్నిలెకు పంపాలి. ఆ తర్వాత తినాలి. ఫోటో తీసిన అన్నం మీద కొట్లాడుకోవడానికి ఎవరికి మనసొస్తుంది చెప్పండి?

మా కుక్క బస్సె కూడా సన్నబడింది. ఒకప్పుడు బల్ల కింద నుంచి కదిలేది కాదు. ఇప్పుడు అక్కడ రాలేవి కూరగాయల చెక్కులే గనక, పగలంతా పక్కింట్లో కాపురం పెట్టింది. మాకు దాని వెంట్రుకలు ఊడ్చే బాధ తప్పింది. ఇదంతా ఎవరి చలవ?

నిజం చెప్పాలంటే మా ఇంటి ప్రశాంతతకు ఇంకో చిన్న కారణం కూడా ఉంది. అది కూడా చెప్పేస్తాను, దాచుకోవడం దేనికి?

మా అత్తగారికి పొడవాటి కాడలున్న ఇనుప అచ్చు ఒకటి ఉండేది. రెండు రేకుల మధ్య పిండి పోసి, నిప్పు మీద కాల్చి, వేడిగా ఉండగానే పొట్లంలా చుట్టి, చల్లారాక మీగడ నింపేవాళ్లు. మా వైపు ఆ పొట్లాలను "మంచి సలహాలు" అంటారు. ఆ అచ్చు అత్తగారికి వాళ్ల అమ్మ నుంచి, ఆవిడకు వాళ్ల అమ్మ నుంచి వచ్చింది. తర్వాత బోదిల్‌కు రావాలి. ఈస్టర్ ముందు నిస్ తల్లి వంటగది ఖాళీ చేస్తూ, సామాను పెట్టెలకెత్తి చర్చివాళ్ల పాత వస్తువుల సంతకు ఇచ్చేశాడు. అచ్చు ఆ పెట్టెల్లోనే పోయింది. ఎవరో సెలవులకు వచ్చిన ప్రయాణికులు కొనుక్కుని పోయారట. ఏ ఊరివాళ్లో, ఏ దేశంవాళ్లో ఎవరికీ తెలియదు.

సంగతి తెలిశాక బోదిల్ అరవలేదు. అరిచి ఉంటే నాకీ వ్యాసం రాసే పని ఉండేది కాదు. ఫోన్‌లో "అలాగా" అంది. పెట్టేసింది. అంతే! ఆ రోజు నుంచి తమ్ముడితో మాట లేదు. కోపం తమ్ముడి మీద ఉన్నా మౌనం ఒకరి దగ్గరే ఆగుతుందా? నాకు కూడా "ఉప్పు అందుకో", "తలుపు వెయ్యి" తప్ప ఇంకేమీ దక్కలేదు. పెర్నిలె వచ్చాక ఉప్పు కూడా తగ్గించమంది గనక, మిగిలింది తలుపు ఒక్కటే.

నిస్ సంగతా? మా జట్లండ్ మగవాళ్లు క్షమించమని అడగడం కన్నా పన్ను పీకించుకోవడానికి సులువుగా ఒప్పుకుంటారు. గొప్ప సంతోషం కలిగితే "అంత చెడ్డగా లేదు" అంటారు. గొప్ప దుఃఖం కలిగితే టోపీ సర్దుకుంటారు. నిస్ వారానికి ఒకసారి కారు మా ఇంటి ముందు నెమ్మదిగా నడిపేవాడు. ఆగేవాడు కాదు. నేను కిటికీలోంచి చూసేవాణ్ణి. గేరు మార్చిన చప్పుడును బట్టి వాడు ఆగాలా వద్దా అని ఆలోచించాడని నాకు తెలిసేది.

వాళ్లిద్దరికీ ఈ లోకంలో తోడబుట్టినవాళ్లు ఇంకెవరూ లేరు. మాకు పిల్లలు లేరు, వాడికి పెళ్లే లేదు. అమ్మ కూడా పోయింది. సరే, అదంతా సొంత గొడవ. ప్రశాంతత సంగతి కదా మాట్లాడుకుంటున్నాం!

ఈ ప్రశాంతతకు ఒకే ఒక్క ప్రమాదం పొంచి ఉంది. అదే మా కాఫీ బల్ల.

మీకు తెలియదేమో, మా వైపు కాఫీకి పిలిచారంటే పద్నాలుగు రకాలు పెట్టాలి. ఏడు మెత్తనివి, ఏడు గట్టివి. ముందు వెన్న రాసిన బన్నులు, ఆ తర్వాత మీగడ పొరల కేకులు, రై పిండి నల్ల రొట్టె పొడితో చేసే కేకు, చివర బిస్కత్తులు. మా ముత్తాతల కాలంలో ఈ నేల జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు మా సమావేశ మందిరాల్లో సారాకు అనుమతి ఇచ్చేవాళ్లు కాదు. మగవాళ్లు కాఫీతో సరిపెట్టుకున్నారు. ఆడవాళ్లు కేకులతో పోటీ పడ్డారు. ఆ పోటీ ఇంకా తెగలేదు.

ఎంత దండగమారి వ్యవహారమో చూడండి! మధ్యాహ్నం కూర్చుంటే దీపాలు పెట్టేదాకా లేచేది లేదు. మొదటి మూడు రకాలు పూర్తయ్యేదాకా వాన గురించి, పందుల ధర గురించి. పొరల కేకు దగ్గర ఎవరి మోకాలికి ఏ ఆపరేషన్ అయిందో. నల్ల రొట్టె కేకు దగ్గర పక్కూరి విడాకులు. గట్టి రకాలు మొదలయ్యేసరికి ఎవరికీ లేవడానికి ఒంట్లో ఓపిక ఉండదు. అప్పుడు, వేరే దారిలేక, మనసులో ఉన్నది కక్కేస్తారు. మురుగు కాలువ మీద ఏళ్ల తరబడి కోర్టుకెక్కిన ఇద్దరు రైతులు వనిల్లా బిస్కత్తు దగ్గర రాజీపడటం నేను కళ్లారా చూశాను. నేను బోదిల్‌ను పెళ్లికి అడిగింది కూడా అక్కడే. ధైర్యం వచ్చి కాదు. కుర్చీలోంచి లేవలేక!

ఇలాంటి ఆచారం ఈ కాలానికి పనికొస్తుందా? సంఘం సర్వసభ్య సమావేశంలో ఈ ప్రశ్న రానే వచ్చింది. ఏటా నవంబరులో అత్తగారి పుట్టినరోజున మా ఇంట్లో కాఫీ బల్ల పెడతాం. ఆవిడ పోయాక వచ్చే మొదటి పుట్టినరోజు ఇది. మానేద్దామా అంటే ఆవిడ ఆత్మ క్షోభిస్తుంది. పెడదామా అంటే నిస్ షుగరు గీత దాటుతుంది. మందిరంలో అందరి మొహాలూ మాడిపోయాయి.

"అయ్యో, మీ ఆచారాన్ని నేను ముట్టుకోనండీ," అంది పెర్నిలె. "ఆచారం ఏంటో చెప్పండి చాలు."

"ఏడు మెత్తనివి, ఏడు గట్టివి," అన్నాడు కోశాధికారి.

"అంతేనా?"

"బల్ల మీద పెట్టిన ప్రతి రకమూ రుచి చూడాల్సిందే," అంది గుడ్రున్. "ఒక్కటి వదిలేసి లేచినా ఇంటావిడ మొహం మీద కొట్టినట్టే."

"ఇంకా ఏమైనా ఉందా?"

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఇంకేముంది?

"మరి ఇందులో పంచదార ఉండాలని ఎక్కడా లేదు కదా!" అంది పెర్నిలె, చేతులు చాపి.

ఇంతమంది పెద్దలం, ఇన్నేళ్ల నుంచి తింటున్నాం, ఒక్కరికీ ఈ సంగతి తట్టలేదు! మాది నరమానవుడు లేని రోడ్డు మీద కూడా ఎర్ర దీపం దగ్గర బుద్ధిగా నిలబడే జాతి. నియమం ఏం చెబుతోందో అదే ముఖ్యం. నియమం పద్నాలుగు అంది. మెత్తన, గట్టి అంది. పిండి గురించి, వెన్న గురించి ఒక్క మాట అనలేదు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నేను కూడా చెయ్యెత్తాను. తర్వాత సంఘం పాట పాడి ఇళ్లకు పోయాం.

పుట్టినరోజు పడిన ఆదివారం మా ఇంటి బల్ల మీద పరిచిన వైభవం మీరు చూసి ఉండాల్సింది! మెత్తని వాటిలో ఉడికించిన బీట్‌రూట్, గుమ్మడికాయ, అవకాడో, వెల్లుల్లి వేసిన శనగల ముద్ద, ఇంకేవో. గట్టి వాటిలో క్యారెట్, ముల్లంగి, సెలరీ కాడలు, బాదం పప్పు, అవిసె గింజల అట్టలు. మా ఊళ్లో కాఫీ బల్లకు ఒక్కో ఇల్లాలు జన్మంతా ఒకే రకం చేసి తెస్తుంది. గుడ్రున్ వదినది వనిల్లా ఉంగరాల బిస్కత్తు. ఈసారి ఆవిడ వంతుకు నూల్‌కోల్ పడింది. ఆవిడ దాన్ని చెక్కు తీసి, మధ్యలో రంధ్రం చేసి, ఉంగరాల్లా కోసి, అద్దాల పళ్లెంలో వరసగా పేర్చి తెచ్చింది.

నిస్ వచ్చాడు. జుట్టు తడిపి దువ్వుకున్నాడు. బెల్టుకు కొత్త రంధ్రం పొడుచుకున్నాడు. నిజంగానే సన్నబడ్డాడు, మొహంలో రంగు వచ్చింది. పెర్నిలె పని తెలిసిన మనిషి, కాదనలేం.

"మోయిన్," అన్నాడు గుమ్మంలో నిలబడి. మా వైపు వచ్చినప్పుడూ అదే మాట, వెళ్లేటప్పుడూ అదే మాట.

"మోయిన్," అంది బోదిల్, కాఫీ పాత్ర వైపు చూస్తూ.

వాణ్ణి సరిగ్గా మా ఆవిడకు ఎదురు కుర్చీలో కూర్చోబెట్టాను. ఏదో ఖాళీ ఉందని కూర్చోబెట్టాను, అంతకన్నా మరేమీ లేదు.

మెత్తనివి మొదలయ్యాయి. వాన గురించి అనుకున్నాం. పందుల ధర గురించి కూడా అనుకున్నాం. కానీ బీట్‌రూట్ ముక్క నోట్లో వేసుకుని "ఎలా చేశావు వదినా?" అని అడిగేదేముంది? ఉడకబెట్టింది. "మా అమ్మ చేసినట్టే ఉంది" అనడానికి లేదు. "ఇంకో ముక్క వేసుకో" అని బతిమాలేవాళ్లు లేరు, "అమ్మో, చచ్చిపోతాను" అని మూలిగేవాళ్లు లేరు. రకం తర్వాత రకం ఎలా అయిపోయిందో తెలియలేదు. కాఫీ పాత్ర రెండోసారి నింపనే లేదు.

ఇక గట్టివి. ఒక గదినిండా జనం కలిసి పచ్చి క్యారెట్ కొరికితే ఎంత చప్పుడు వస్తుందో ఎప్పుడైనా విన్నారా? గుర్రపుశాలలో కూడా అంత సందడి ఉండదు. ఆ సందడి మధ్యలో నిస్ తల ఎత్తాడు. నేను చూస్తూనే ఉన్నాను. వాడి మెడ ఎర్రబడింది.

"అక్కా..." అన్నాడు.

బోదిల్ తల ఎత్తింది. "ఏంటి?"

పక్కన ఎవరో ముల్లంగి ఫటేలున కొరికారు. నిస్ ఉలిక్కిపడ్డాడు.

"ఏం లేదు," అన్నాడు. "గుమ్మడికాయ... అంత చెడ్డగా లేదు."

"ఊఁ," అంది బోదిల్.

అంతే. పద్నాలుగో రకం అవిసె గింజల అట్ట. అది కూడా అయిపోయింది. బయట ఇంకా వెలుతురు ఉంది. మా అత్తగారి కాఫీ బల్ల మీంచి వెలుతురుండగా లేవడం నా ఎరుకలో ఇదే మొదలు.

"ఒళ్లు ఎంత తేలిగ్గా ఉందో చూశారా?" అంది పెర్నిలె, చప్పట్లు కొట్టి. "ఎవరికైనా కునుకు వస్తోందా? ఎవరైనా కుర్చీలోంచి లేవలేకపోతున్నారా?"

నిజమే! అందరూ టకటకా లేచారు. కోట్లు తొడుక్కున్నారు. నిస్ కూడా తన కోటు అందుకుని, ఒక చెయ్యి లోపల పెట్టి, రెండో చెయ్యి కోసం వెతుక్కుంటున్నాడు. బోదిల్ పళ్లేలు ఎత్తుతోంది. వాడి పళ్లెం దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగింది. తీసింది. వంటగదిలోకి నడిచింది.

అప్పుడు నేను గ్యారేజీలోకి పరిగెత్తాను.

ఎందుకు పరిగెత్తానో మీకు చెప్పాలి కదా. ముందురోజు బోదిల్ చర్చి పాటల సాధనకు వెళ్లినప్పుడు నేను ఒక చిన్న ప్రయోగం చేశాను. పూర్తిగా శాస్త్రీయ దృష్టితోనే లెండి! నల్ల రొట్టె కేకు. పెళ్లయిన నాటి నుంచి ఆవిడ చేస్తుండగా చూస్తూనే ఉన్నాను, ఆ మాత్రం చేయలేనా? ఎండిన నల్ల రొట్టె పొడి చేయాలి, గుడ్లు పంచదారతో గిలకొట్టాలి, హేజెల్ గింజలు కలపాలి, కాల్చాలి, మధ్యలో జామ్, పైన మీగడ. జామ్, మీగడ ఫ్రిజ్‌లో లేవు, పెర్నిలె వచ్చాక అవి ఇంట్లోకి రావడం మానేశాయి. మిగతావన్నీ వేశాను. వేశాననే అనుకున్నాను.

గ్యారేజీలో దాచిన ఆ కేకును తెచ్చి బల్ల మధ్యలో పెట్టాను. ధబ్ మని చప్పుడయింది. కప్పులు ఎగిరాయి.

"అదేంటి?" అంది బోదిల్, వంటగది గుమ్మంలోంచి. ఇన్ని నెలల్లో ఉప్పూ తలుపూ కాకుండా ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న.

"నల్ల రొట్టె కేకు. నేనే చేశాను."

"నువ్వా?"

"ఇది ప్లాన్‌లో లేదు కదండీ..." అంది పెర్నిలె నెమ్మదిగా.

అందరూ గుడ్రున్ వైపు చూశారు. ఆవిడ కోటు గుండీలు పెట్టుకుంటున్నదల్లా ఆగింది. నా మొహం చూసింది. ఒక చెయ్యి మాత్రమే కోటులో ఉన్న నిస్‌ను చూసింది. బోదిల్‌ను చూసింది. ఊరికి అధ్యక్షురాలు ఊరికే అవుతారా?

"బల్ల మీద పెట్టేశాడు," అంది. "పెట్టాక రుచి చూడకుండా ఎవరూ లేవడానికి లేదు. ఆచారం ముట్టుకోనని నువ్వే అన్నావు కదమ్మా పెర్నిలె? కూర్చో. నువ్వు కూడా."

కోట్లతోనే అందరూ కూర్చున్నారు.

కత్తి దిగలేదు. నేను రెండు చేతులతో నొక్కాను. పళ్లెం జారింది గానీ కేకు కదల్లేదు.

"ఇటివ్వు బావా," అన్నాడు నిస్. కాసేపు కుస్తీ పట్టాడు. "దీనికి కత్తి చాలదు. నా రంపం కారులో ఉంది, తెమ్మంటావా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఎలాగో విరిచి తలా ఒక పెళ్ల పంచాడు. నోట్లో వేసుకున్నాం. అది నమిలితే నలిగేది కాదు, చప్పరిస్తే కరిగేది కాదు. అలాగని మింగడానికి ఎవరికీ ధైర్యం లేదు. కాఫీ లేకుండా పని జరగదని గుడ్రున్ లేచి వెళ్లి పెద్ద పాత్ర పొయ్యి మీద పెట్టింది. పెర్నిలె ఏదో చెప్పబోయింది, దవడ తెరుచుకోలేదు.

నిస్ నములుతూ నములుతూ ఆగాడు. కళ్లు చిన్నవి చేశాడు. అక్క వైపు చూశాడు.

"అక్కా, ఇందులో పంచదార లేదు."

బోదిల్ కూడా నములుతోంది. "లేదు," అంది.

"ఉప్పుంది."

"ఉంది. బోలెడంత."

"ఏంటి బావా, డబ్బాల మీద పేర్లు చదవడం రాదా నీకు? ఊళ్లో జనానికి రోడ్డు గుర్తులు నేర్పింది నువ్వేనా?"

"ఈయన నేర్పినవాళ్లంతా ఇంకా బతికే ఉన్నారంటే మన అదృష్టం," అంది బోదిల్.

"అమ్మ ఉంటేనా..." అన్నాడు నిస్.

"అమ్మ ఉంటే ఈయన్ని వంటింటి గడప తొక్కనిచ్చేదా? పెళ్లికి ముందే చెప్పింది నాకు. ఆ అబ్బాయి బండి దగ్గర బాగానే ఉంటాడే, పొయ్యి దగ్గరకు మాత్రం రానివ్వకు అని."

"నాకూ చెప్పింది! నీ బావ చేసిన గుడ్డు తిని మా పిల్లి ఇల్లు వదిలి పోయింది అనేది."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. బోదిల్ నవ్వు ఎలా ఉంటుందో నేను దాదాపు మర్చిపోయాను. ముందు భుజాలు ఊగుతాయి, తర్వాత గొంతు వస్తుంది, ఆఖరికి కళ్లు తుడుచుకుంటుంది. తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది. నిస్ నవ్వడం ఆపేశాడు. పళ్లెంలో మిగిలిన పెళ్లను వేలితో అటూ ఇటూ జరిపాడు.

"ఆ అచ్చు పెట్టెలో ఉందని నాకు తెలీదక్కా," అన్నాడు. "నేను పెట్టెలు తెరిచి చూడలేదు. సొరుగులు అలాగే బోర్లించి నింపేశా. అమ్మ సామాను చూడలేకపోయాను. చెంచా చూసినా ఆవిడే కనపడేది. ఎంత తొందరగా ఇంట్లోంచి పోతే అంత మంచిదనుకున్నా. తర్వాత తెలిసింది ఏం చేశానో."

"ఈ మాట చెప్పొచ్చు కదరా నాకు!"

"ఎప్పుడు చెప్పను? ఫోన్ పెట్టేశావు కదా."

"మళ్లీ చెయ్యాలిరా, వెధవా! పెట్టేస్తే మళ్లీ చెయ్యాలి. రెండోసారి పెట్టేస్తే మూడోసారి చెయ్యాలి. నేను ఫోన్ పక్కనే కూర్చున్నా, తెలుసా నీకు?"

నిస్ టోపీ సర్దుకోబోయాడు. టోపీ లేదు. ఖాళీ చెయ్యి నెత్తి మీద పెట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"నన్ను క్షమించక్కా," అన్నాడు.

ఎవరూ క్యారెట్ కొరకలేదు. గుడ్రున్ కాఫీ పోస్తూ కప్పు నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. బోదిల్ లేచి, బల్ల చుట్టూ తిరిగి వచ్చి, వాడి కోటులోంచి ఆ ఒక్క చెయ్యి కూడా బయటకు లాగి, కోటు తీసుకెళ్లి లోపలి గదిలో తగిలించింది. ఆ తర్వాత అమ్మ గురించి మొదలుపెట్టారు. ఆఖరి రోజుల్లో ఆవిడ ఎవరి పేరు పిలిచింది, ఎవరు దగ్గరున్నారు, ఎవరు లేరు. ఆ అచ్చుతో చేసిన పొట్లాలు దొంగతనంగా తిని ఇద్దరూ ఎలా దెబ్బలు తిన్నారు. బయట చీకటి పడింది. దీపాలు ఎవరో వేశారు. ఒక్కరూ లేవలేదు.

పెర్నిలె దవడ చివరికి తెరుచుకుంది. "పంచదార లేదు కాబట్టి..." అంది మెల్లగా, "ఇది ప్లాన్‌లో చేర్చుకోవచ్చు." అని ఇంకో కప్పు కాఫీ అడిగింది. మంచి మనిషని ముందే చెప్పాను కదా!

పాఠకులారా, ఇప్పుడు నా అసలు ఫిర్యాదు వినండి. నిస్ షుగరు దిగింది. ఆ పుణ్యం పెర్నిలెదే, ఎవరేమన్నా నేను ఆమె పక్షమే. వాడు ఇంకా చాలా ఏళ్లు బతకాలి, నాకు ఉన్నది ఒక్కడే బావమరిది. కానీ ఆచారం ఏంటని ఆమె అడిగిన రోజున మేము పద్నాలుగు అన్నాం, మెత్తన అన్నాం, గట్టి అన్నాం. చీకటి పడేదాకా ఎదురెదురుగా కూర్చుంటాం తల్లీ అని ఒక్కరం చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి! కేకుల కోసం కూర్చుంటున్నామని అనుకున్నాం. ఎవరి పళ్లెం వాళ్లు ఫోటో తీసుకుని, ఎవరి పావు వంతు వాళ్లు ముగించి, తేలికపడిన ఒంటితో ఎవరి కారు వాళ్లు ఎక్కి పోతే, పాపం నిస్ లాంటివాడు నోరు తెరిచేదెప్పుడు? మా ఆవిడ లాంటిది వినేదెప్పుడు? నాకు కోపం వచ్చేది అక్కడే. మొదట్లో నేను పొగిడిన ప్రశాంతత ఉంది చూశారూ, అందులో ఈస్టర్ నుంచి నేను కూడా బతికాను. పగవాడికి కూడా వద్దు.

ఇప్పుడు మా ఇంట్లో ఆ ప్రశాంతత లేదు. సాయంత్రం చిక్కుడు గింజల దగ్గర నుంచి గొడవ మొదలవుతుంది. నిస్ రోజూ ఫోన్ చేస్తాడు, ఏం తిన్నాడో పెర్నిలెకన్నా ముందు అక్కకు చెబుతాడు, ఆ తర్వాత ఇద్దరూ కలిసి నా కేకును తిట్టుకుంటారు. నిన్న కూడా తిట్టుకున్నారు. దాన్ని గ్యారేజీ గుమ్మానికి అడ్డం పెట్టుకోవచ్చని వాడు అన్నాడట, ఆవిడ పడీ పడీ నవ్వింది. నేను పక్క గదిలో పేపరు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా వినపడటం లేదని లేచి, తలుపు ఓరగా తీసి వచ్చి, మళ్లీ కూర్చున్నాను.